శనివారం ఇనుము

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో సర్కారు కొలువు పరీక్షలకు ఆరేళ్లు చదివిన మనిషికి లోకమంతా సిలబస్ లాగానే కనబడుతుంది. అక్కడి గల్లీల్లో ఇడ్లీ బండి దగ్గర కూడా ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో బిట్ల పుస్తకం పట్టుకొని నిలబడతారు. ఏ చాప్టర్ నుంచి ఎన్ని మార్కులొస్తాయో చట్నీ నాకుతూనే లెక్క కడతారు. దాని పేరు వెయిటేజీ. ఎక్కువ మార్కులొచ్చే చాప్టరు మీద ప్రాణం పెట్టాలి, రెండు మార్కుల చాప్టరును వదిలెయ్యాలి. ఇది ఎవరూ నేర్పరు, గాలిలోనే ఉంటుంది.

నవత ఆ గాలి పీల్చిన పిల్ల. ఇల్లు చిక్కడపల్లిలోనే, మొదటి అంతస్తులో రెండు గదులు. తండ్రి బాలకిషన్ నారాయణగూడలో ఒక శుభలేఖల ప్రెస్సులో మిషన్‌మ్యాన్. తల్లి లక్ష్మి ఇంటిపట్టునే ఉండి చీరలకు ఫాల్స్ కుడుతుంది. గ్రూప్-2కు కూర్చున్నప్పుడు నవతకు ఇరవై ఒకటి, ఇప్పుడు ఇరవై ఏడు. ఈ మధ్యలో ఒక పరీక్ష వాయిదా పడింది, ఒకటి కోర్టుకెక్కింది, ఒకటి సజావుగా జరిగి తుది జాబితా కూడా వచ్చింది. ఆ జాబితాను ఆమె పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూసింది. పేరు లేదు.

పరీక్ష వాయిదా పడిన రోజుల్లోనే, ఏం చెయ్యాలో తోచక, నారాయణగూడలోని ఒక గేమింగ్ సెంటర్ మెట్లెక్కింది. చీకటి గది, ఏసీ చప్పుడు, వరసగా కుర్చీలు, అన్నిట్లో మగపిల్లలే. అయిదుగురు ఒక జట్టు, అయిదుగురు ఇంకో జట్టు, తెర మీద తుపాకులు పట్టుకొని కోట కాపాడుకునే ఆట. మొదటి నెల అందరికంటే ముందు చచ్చిపోయేది. తర్వాత అందరికంటే ఆలస్యంగా చచ్చిపోవడం నేర్చుకుంది. ఏళ్ల తరబడి జిల్లాలు, నదులు, చట్టాలు బట్టీ పట్టిన బుర్రకు ఆ ఆటలో ఏ మూల ఏ గోడ ఉందో గుర్తుంచుకోవడం ఒక లెక్క కాదు. ఆన్‌లైన్‌లో, ఎప్పుడూ ముఖం చూడని నలుగురితో జట్టు కట్టింది. కెప్టెన్ ఉదయ్ కుమార్‌ది నిజామాబాద్. గొంతు తప్ప ఇంకేమీ తెలియదు. ఆ జట్టు ఒక పెద్ద పోటీలో ఒక్కో మెట్టూ ఎక్కి, నాలుగు జట్లు తలపడే ఫైనల్ దాకా వచ్చింది. నిర్వాహకులు ఆటగాళ్ల జాబితా పెట్టారు. ఈసారి నవత పైనుంచి వెతికితే మూడో వరసలోనే తన పేరుంది.

పేరు నిలవాలంటే ఒక షరతు. ఫైనల్ ఎవరింట్లో వాళ్లు, సొంత కంప్యూటర్ మీద, కెమెరా ముందు ఆడాలి. ఆదివారం పోటీ. శనివారం సాయంత్రం ఒక గంట పరీక్ష ఆట. ఆ గంటలో మిషను ఆగిపోతే పేరు తీసేసి ఇంకొకరిని పెట్టుకోవాలి.

గేమింగ్ కంప్యూటర్ తయారుగా కొంటే మోయలేనంత. విడి భాగాలు తెచ్చి ఇంట్లో బిగించుకుంటే ఆమె ట్యూషన్లు చెప్పి దాచుకున్నదానికి సరిపోతుంది. అందుకని రెండు వారాలు లైబ్రరీ రీడింగ్ హాలులో కూర్చొని భాగాలు ఎంచింది. పక్కనున్నవాళ్లు పంచాయతీరాజ్ చట్టం చదువుతుంటే ఈమె ప్రాసెసర్లు చదివింది. నాలుగు జవాబుల్లో తప్పువి కొట్టేసుకుంటూ వచ్చే అలవాటు ప్రకారమే ఒక్కోదాన్నీ కొట్టేసింది. బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు. నలభై మార్కులు దానివే. ప్రాసెసర్‌కు పాతిక. ఆ ప్రాసెసర్ కూర్చునే పీట మదర్‌బోర్డు; పీట, కూర్చునేది కలవకపోతే రెండూ దండగ, కాబట్టి అక్కడ మూడు రోజులు ఆగింది. ఇక మిగిలింది పవర్ సప్లై. గోడలోని కరెంటును అన్ని భాగాలకూ పంచిపెట్టే ఇనుప డబ్బా. అది ఆట వేగం పెంచదు, బొమ్మకు రంగు తేదు.

రెండు మార్కుల చాప్టర్. వదిలేసింది.

కోఠి గల్లీలో దుకాణం ఉమాకాంత్‌ది. ఆ పవర్ సప్లై దగ్గరే అతను ఆగాడు.

"అక్కా, ఇది జర మంచిది తీస్కో. ఈ కంప్యూటర్ డబ్బాతోటి ఉత్తగ వచ్చే పవర్ సప్లై పెద్ద కార్డుకు ఆగదు."

"అది తీస్కుంటే కార్డు చిన్నది తీస్కోవాలె అన్నా."

"తీస్కో మరి."

"కార్డు తగ్గియ్య."

"నీ ఇష్టం. కరెంటుతోని పరాచికాలాడొద్దని మా అవ్వ చెప్పేది, నేను నీకు చెప్తున్న."

అది శుక్రవారం. శుక్రవారమే ఎందుకంటే ఆ షరతు బాలకిషన్‌ది. బిడ్డ ఆట ఆడుతుందన్నా ఆయన కాదనలేదు, ఇంట్లో కెమెరా పెడుతుందన్నా కాదనలేదు. ఒక్కటే అడిగాడు.

"కంప్యూటర్ డబ్బా దేంతోటి చేసిన్రు?"

"రేకు డాడీ. ఇనుప రేకు."

"అయితే శుక్రవారమే తెచ్చుకో. శనివారం ఇనుము గడప దాటొద్దు."

శనికి లోహం ఇనుమని పాత జ్యోతిషం మాట. అదే శని పీడ పోవాలని గుర్రపు నాడాను గుమ్మానికి కొట్టేదీ మనమే, అదీ ఇనుమే. మనిషి భయానికీ ధైర్యానికీ ఒకే వస్తువును వాడుకుంటాడు. ఊళ్లు తిరిగినకొద్దీ ఇది ఇంకా ఇంకా కనబడుతుంది. బాలకిషన్‌ది మాత్రం పుస్తకంలోంచి వచ్చిన భయం కాదు. ఆయన అన్న ఈరన్న ఒక శనివారం కొత్త స్కూటర్ ఇంటికి తెచ్చాడు. ఆ వారం తిరక్కముందే నారాయణగూడ ఫ్లైఓవర్ దిగుతూ పడ్డాడు. ఈనాటికీ ఎడమ కాలు ఈడ్చే నడుస్తాడు. ఇనుము ఎవరు తెస్తే వాళ్లకే తగులుతుందని ఆ ఇంట్లో అప్పటినుంచి ఒక శాసనం.

శుక్రవారం సాయంత్రానికల్లా నవత అన్నీ బిగించింది. లక్ష్మి డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టింది. మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది. ఆట తెరిచింది. కోట గోడలు ఎన్నడూ చూడనంత తేటగా కనిపించాయి. శత్రువులు ఇటు ఉరికారు, ఈమె తుపాకీ ఎత్తింది, టప్పుమని అంతా నల్లబడింది.

మళ్లీ నొక్కింది. మళ్లీ వెలిగింది. మామూలుగా ఎంతసేపున్నా ఏమీ కాదు. యుద్ధం మొదలైతే మాత్రం ప్రాణం పోతుంది.

శనివారం పొద్దున్నే లేచి అన్నీ విప్పి మళ్లీ బిగించింది. అదే వరస. ఉమాకాంత్‌కు ఫోన్ చేసింది. అతను సంగతంతా విని నవ్వలేదు, అదొక్కటే నయం.

"నీ కార్డు పహిల్వాన్ అక్కా. పొద్దంత కూసున్నప్పుడు చాయ్ చాలు దానికి. కుస్తీల దిగంగనే కుండెడు అన్నం అడుగుతది. నీ పవర్ సప్లై కాడ గంత లేదు, చేతులెత్తేస్తున్నది. నేను చెప్పిన మంచిది ఒకటున్నది. గా పాతది తెచ్చి ఇచ్చెయ్, ఇది తీస్కపో. కాని మూడింటికి శెట్టర్ ఏస్త, పెండ్లికి పోవాలె. రేపు బంద్."

బాలకిషన్ అప్పుడే చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి నుంచి వచ్చాడు. శనివారం ఒంటిపూట భోజనం. చేతిలో తులసి, నుదుట తడి ఆరని నామం. నవత చెప్పింది. ఆయన తులసిని పళ్లెంలో పెట్టి, చేతులు కడుక్కొని, కూర్చున్నాడు.

"సోమవారం తెచ్చుకో."

"సోమవారానికి నా పేరుండది డాడీ. ఇయ్యాల సాయంత్రం గంట సేపు ఆగకుండ నడవాలె."

"శనివారం కదనే."

"ఇది కొనుడు కాదు. ఒకటిచ్చి ఒకటి తెచ్చుకునుడు."

"మీద పైసలు కడ్తవా?"

"...కడ్త."

"అయితే కొనుడే."

వంటింట్లోంచి లక్ష్మి గొంతు వచ్చింది. "నాయన మాట కాదని పోకు నవతా. ఎట్లన్న ఆయననే ఒప్పియ్యి."

పోతే పోవచ్చు. చెప్పులేసుకుంటే ఎవరూ చెయ్యి పట్టుకొని ఆపరు. నవత చెప్పులు వేసుకుంది కూడా. మెట్ల దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోయింది. శనిని ఆమె నమ్మదు. కాని ఈ ఏడాది తనకు జ్వరమొచ్చినా, కాలు జారినా, అది తను తెచ్చిన ఇనుమే అవుతుంది. నోటితో ఎవరూ అనరు. అనకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆరేళ్లుగా "ఇంకెన్నాళ్లు చదువుతవే" అని ఈ ఇంట్లో ఎవరూ అనలేదు.

ఫోన్ మోగింది. ఉదయ్ కుమార్.

"అక్కా, మిషన్ సెట్ అయిందా?"

"కాలే."

"మరి పేరు మార్చాల్నా? నీ బదులు ఆడనీకి బీరయ్య తయారుగున్నడు. కోపం చెయ్యకు అక్కా, నలుగురి ఆట ఇది."

"జరసేపు ఆగు ఉదయ్."

"ఎంతసేపు?"

ఆమె ఫోన్ పెట్టేసింది. తీగె మీద ఆరేసిన తువ్వాలు గాలికి ఊగుతుంటే దాన్నే చూసింది. ఇంట్లోంచి లక్ష్మి ఏదో గొణగడం వినబడింది. చివరికి వెనక తలుపు చప్పుడైంది. బాలకిషన్ చొక్కా వేసుకొని నిలబడి ఉన్నాడు. చేతి సంచిలో పాత పవర్ సప్లై.

"లే, పోదాం."

"డాడీ, వద్దు. మార్చమని చెప్త వాళ్లకు."

"ఎవరు తెస్తె వాళ్లకే గద తగిలేది. నేను తెస్త. నువ్వు ముట్టకు."

"మీకేమన్న అయితే?"

"రేపు నీకు ఆట ఉన్నది. నాకేమున్నది? ఆదివారం."

స్కూటర్ తియ్యలేదు. ఆటో మాట్లాడాడు. కోఠికి చేరేసరికి శెట్టర్ సగం దిగి ఉంది. ఉమాకాంత్ పెండ్లి బట్టల్లో, సెంటు వాసనతో, వంగి బయటికొచ్చాడు. బాలకిషన్ వాలకం చూసి, శనివారం సంగతి తెలిసి, మెల్లగా అన్నాడు.

"అంకుల్, బిల్లు మీద సోమవారం తారీకు ఏస్త తియ్యి. కొన్నది సోమవారమే అయితది. చానమంది గట్లనే తీస్కపోతరు."

నవత ఆశగా తండ్రి ముఖం చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తారీకు నువ్వు మారుస్తవ్. శని మారతడా? ఇయ్యాలదే ఎయ్యి. నా పేరు మీద ఎయ్యి."

తిరిగొచ్చేటప్పుడు డబ్బాను ఒళ్లో పెట్టుకొని, రెండు చేతులతో చుట్టి పట్టుకున్నాడు. నవత అటు చివరకు ఒదిగి కూర్చుంది. కాచిగూడ మీదుగా ఆటో దూకుతుంటే ఆయన ఆటోవాడి భుజం తట్టాడు.

"భయ్యా, జర మెల్లగ. ఫ్లైఓవర్ ఎక్కకు, కిందినుంచి పో."

"ఏమున్నది చాచా అండ్ల, గాజు సామానా?"

"ఇనుము."

ఆటోవాడు అద్దంలోంచి ఆయన నామాన్ని, డబ్బాను మార్చి మార్చి చూశాడు. "శనివారమా?" అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా హారన్ కూడా కొట్టలేదు.

ఇంట్లో అసలు చిక్కు మొదలైంది. డబ్బా గడప దాటింది, సరే. బిగించేదెవరు? నవత స్క్రూడ్రైవర్ అందుకోబోతే బాలకిషన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముట్టొద్దన్న గదా."

"టైం లేదు డాడీ. మీకు రాదు."

"నువ్వు చెప్పు, నేను చేస్త."

ఆయన కళ్లద్దాలు తుడుచుకొని నేల మీద బాసింపట్టు వేసుకున్నాడు. నవత పెన్సిలు కొనతో చూపిస్తూ పోయింది. ఈ స్క్రూ, ఆ స్క్రూ. ఈ లావు తీగ బోర్డుకు. ఆ తీగ ప్రాసెసర్ పక్కకు. ఆయన వేళ్లు మొద్దువి, సందు ఇరుకు. ఒక తీగను తిరగేసి దూర్చబోతే నవత గొంతు లేచింది. "అట్ల కాదు, ఆగుండ్రి!" ఆయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీశాడు. ఆమె ఊపిరి పీల్చుకొని, మెల్లగా మళ్లీ చెప్పింది. ఆయన మెల్లగా మళ్లీ చేశాడు. గోడ గడియారం వైపు ఇద్దరూ చూడలేదు, లక్ష్మి మాత్రం గుమ్మంలో నిలబడి అదే చూస్తూ ఉంది.

చివరిది గ్రాఫిక్స్ కార్డుకు పోయే తీగ.

"గట్టిగ నూకుండ్రి."

"ఇరుగుతదేమో."

"ఇరగదు. చప్పుడు రావాలె."

ఆయన కళ్లు మూసుకొని నూకాడు. టక్కుమంది.

మీట నవత నొక్కింది. మీట ఇనుము కాదు, ప్లాస్టిక్కే. ఉదయ్ కుమార్ గొంతు చెవిలో పడింది: "అక్కా, వాళ్లు గంట లెక్క మొదలువెట్టిన్రు." పరీక్ష ఆటలో గంటసేపు శత్రువులు గోడలెక్కి వస్తూనే ఉన్నారు. ఎవరైనా ఎదురుపడిన ప్రతిసారీ ఆమె తుపాకీ చూసుకోలేదు, తెర నల్లబడుతుందేమోనని చూసింది. రెండుసార్లు అందుకే చచ్చిపోయింది. డబ్బా వేడెక్కింది, ఫ్యాన్లు ఈల వేశాయి. తెర ఆరిపోలేదు. గంట నిండాక నిర్వాహకుల నుంచి ఒక వాక్యం వచ్చింది, పేరు ఖాయమని. ఆమె ఆ వాక్యాన్ని చదివి, హెడ్‌ఫోన్ తీసి, చెమట పట్టిన చేతులను దుప్పటికి తుడుచుకుంది.

ఆదివారం పొద్దున నుంచి బాలకిషన్ ముందుగదిలో కుర్చీలోంచి లేవలేదు. పాలకు పోలేదు. మాడిపోయిన ట్యూబ్‌లైటు మార్చమంటే స్టూలెక్కనన్నాడు. గడ్డం గీసుకునే బ్లేడు కూడా ముట్టలేదు. లక్ష్మి చాయ్ తెస్తే, వేడిగా ఉందని చల్లారేదాకా దాని వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఎవరన్న సూస్తె నవ్వుతరు," అంది లక్ష్మి.

"నవ్వనీ. ఆమె ఆట అయ్యేదాక నాకేం కావొద్దు. ఏమన్న అయితే మధ్యల లేచి ఉరికి వస్తది."

లోపలి గది తలుపు మూసి ఉంది. అందులోంచి నవత గొంతు, ఎప్పుడూ వినని పదునుతో, ఎవరికో ఆజ్ఞలిస్తూ వచ్చేది; తర్వాత నిశ్శబ్దం. నిశ్శబ్దం వచ్చిన ప్రతిసారీ ఆయన లక్ష్మిని అడిగాడు.

"బంద్ అయిందా?"

ఆమె తలుపుకు చెవి పెట్టి వినేది. "కాలే. ఫ్యాను తిరుగుతున్నది."

పొద్దు గూకుతుండగా తలుపు తెరుచుకుంది. నవత కళ్లు ఎర్రగా ఉన్నాయి, జుట్టు చెదిరి ఉంది. గోడకానుకొని నిలబడింది.

"ఓడిపోయినం డాడీ. మూడో స్థానం."

"మిషన్ ఆగలేదు గదా?"

"ఆగలే. మేమే ఓడిపోయినం. సక్కగనే ఓడిపోయినం."

ఆయన తల ఊపాడు. రెండు చేతులతో కుర్చీ పట్టుకొని, నెమ్మదిగా, ఒక్కో కాలూ చూసుకుంటూ లేచాడు.