ఫీజు కౌంటరు మూసినందుకు అయిన ఖర్చు

2024 జూలై 8, సోమవారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలు. దువ్వాడ దగ్గరి మా ఇంజనీరింగ్ కాలేజీలో, నేను పనిచేసే అకౌంట్స్ విభాగం కిటికీ ముందుకు ఒకాయన వచ్చి నిలబడ్డాడు. మల్కాపురంలో ఉంటాడు, రిఫైనరీలో కాంట్రాక్టు కార్మికుడు. షిఫ్టు మధ్యలో అడిగి వచ్చాడని ఆయన బూట్లే చెబుతున్నాయి. చేతిలో నాలుగు మడతలు పెట్టిన ప్రింటు కాగితం.

"అమ్మా, మా పాపకి హాల్ టికెట్టు ఇవ్వరంట. ఫీజు సెనివారమే కట్టీసినాను."

పరీక్ష మర్నాడు ఉదయం. హాల్ టికెట్లు ఆ సాయంత్రం నాలుగింటి వరకే ఇస్తారు. నా తెర మీద ఆ అమ్మాయి పేరు పక్కన ‘విఫలం’ అని ఎర్ర అక్షరాలు. ఆయన కాగితంలో మాత్రం కార్డు నుంచి సొమ్ము వెళ్లినట్టే ఉంది. ఇలాంటివి నాకు కొత్త కావు. అలవాటైన జవాబే చెప్పాను: సొమ్ము వారం రోజుల్లో వెనక్కి వస్తుంది, ఈలోగా మళ్లీ కట్టండి.

"మళ్లీ కట్టడానికి నాకాడ ఏటున్నాది తల్లీ? అది సీటీపాట డబ్బు. ఆ నోట్లు మీ కాడికే అట్టుకొద్దావనుకుంటే, మీరు నోట్లు తీసుకోరంట కదా."

తీసుకోం. ఆ మార్పుకు సిఫార్సు రాసింది నేనే. ఏడాది కిందట ఫీజు కౌంటరు మూసి వసూళ్లన్నీ ఆన్‌లైన్‌కు మార్చినప్పుడు, చెల్లింపుల కంపెనీ తీసుకునే ఛార్జీ తల్లిదండ్రులే భరించేలా ఒప్పందం కుదిరింది. ఆ రోజు నా డైరీలో ‘కాలేజీకి ఖర్చు: సున్న’ అని రాసి, కింద స్కేలు పెట్టి గీత గీసుకున్నాను.

ఆ సున్న ఈయన దగ్గరకు ఎలా చేరిందో ఇప్పుడు విన్నాను. చీటీ పాడుకుంటే ఫీజుకు సరిగ్గా సరిపడా 46,000 నగదు చేతికొచ్చింది. శనివారం షిఫ్టు దిగేసరికి బ్యాంకు మూశారు. ఆటోనగర్‌లో నెట్ సెంటరు నడిపే స్నేహితుడికి ఆ నోట్లిస్తే, అతను తన క్రెడిట్ కార్డుతో కట్టాడు. క్రెడిట్ కార్డుకు నూటికి రూపాయి ఎనభై పైసల ఛార్జీ, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, వెరసి 977 రూపాయల 4 పైసలు. నెట్ సెంటరుకు రెండు వందలు. పైది జేబులోంచి వేసి, చిల్లర కూడా వదిలేసుకుని ఆయన ఇచ్చింది మొత్తం 47,200. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కట్టి ఉంటే ఛార్జీ ఇరవై రూపాయలు దాటేది కాదు. ఏ పద్ధతికి ఎంతో తెలిపే పట్టిక నా సొరుగులో ఉంది. నోటీసు బోర్డులో లేదు.

కంపెనీకి 11.05కు ఫోను చేస్తే 11.42కు మనిషి పలికాడు. విఫలమైన చెల్లింపుల సొమ్ము ఏ కార్డు నుంచి వచ్చిందో ఆ కార్డుకే తిరిగి వెళుతుందన్నాడు. అంటే నెట్ సెంటరు యజమానికి. ఆ తండ్రి నా ఎదుటే స్నేహితుడికి ఫోను కలిపి స్పీకరు నొక్కాడు.

"భాయ్, డబ్బు నీ కార్డులోకే ఎనక్కొస్తాదంట."

"రానీ బావా! నీ డబ్బు తినేసి నానెక్కడికి పోతాను? కొట్టు సెట్టర్ మీద నా పేరు ఇంతలావున రాయించుకున్నాను. కానీ వారం పోయాక వస్తే పాప పరీచ్చకి ఏటి లాభం?"

మరో దారి కోసం కంపెనీకి మళ్లీ ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. రెండున్నర దాటింది. మా పాత క్యాషియరు మంచినీళ్ల కోసం గదిలోకి వచ్చారు. ఇరవై రెండేళ్లు ఆ కౌంటరులో కూర్చున్న మనిషి, అది మూశాక లైబ్రరీలో పుస్తకాలకు ముద్రలు వేస్తున్నారు. సంగతి విని తెర వైపు కూడా చూడలేదు.

"మేడంగారూ, ఆ టీవీ ఏటి సెప్తే మనకెందుకండి? బ్యాంకులో ఏటి పడ్డాదో సూసినారా?"

"రోజు వసూలంతా ఒకే ముద్దగా పడుతుందండీ. అందులో ఎవరిది ఎంతో ఎలా తెలుస్తుంది?" అన్నాను, కొంచెం విసుగ్గానే.

"ముద్దయితే ఏటండి? ఇడదీసి లెక్కెట్టడానికే కదా మనకి జీతాలు."

బ్యాంకు జమను మా జాబితాతో రోజూ సరిచూసే పని, కౌంటరు మూసిన నాటి నుంచి ఎవరూ చేయడం లేదు. 2.50కి బ్యాంకు స్టేట్‌మెంటు తెరిచాను. శనివారం వసూళ్ల కింద జమ 5,38,000. మా జాబితాలో పదకొండు మంది, మొత్తం 4,92,000. క్యాషియరుగారు పెన్సిలుతో తీసివేసి కాగితం నా వైపు తిప్పారు. తేడా 46,000.

కంపెనీ పంపిన వివరాల పట్టిక డౌన్‌లోడ్ చేసి చూస్తే అందులో పన్నెండు వరుసలున్నాయి. పన్నెండోది సాయంత్రం 6.52కు జరిగిన చెల్లింపు. మా తెర ‘విఫలం’ అని రాసుకున్న తరువాత అది పూర్తయింది, ఆ సంగతి మా తెరకు చేరలేదు. క్యాషియరుగారు ప్రింటు కాగితంలోని లావాదేవీ సంఖ్యను ఒక్కొక్క అంకెగా చదివారు, నేను పట్టికలో వేలు జరుపుతూ పోయాను. చివరి అంకె కూడా కలిసింది. జమ అయిన సమయం చూశాను: ఉదయం 9.12. ఆ తండ్రి మా కిటికీ దగ్గరకు రాకముందే.

3.35కు హాల్ టికెట్టు ఆ అమ్మాయి చేతికి వచ్చింది. తండ్రి దాన్ని అందుకుని మడవబోయి ఆగి, కూతురికే తిరిగి ఇచ్చి నవ్వాడు.

"అయితే నా డబ్బులు పొద్దుటినుంచీ మీ ఇంట్లోనే కూకున్నాయన్నమాట!"

"మరి ఇంట్లోవోళ్లు సూసుకోవాల కదేటి బావా," అన్నారు క్యాషియరు, నా వైపు చూడకుండా.

నేనూ నవ్వాను. ఆ మాట పడాల్సింది నేనే. వెనక్కి పంపేయమని కంపెనీకి ఉదయమే రాసి ఉంటే, చేతిలో ఉన్న సొమ్మును నేనే తోలేసినదాన్నయ్యేదాన్ని.

ఆ సాయంత్రం డైరీలో పాత పేజీ తీసి ‘సున్న’ కొట్టేశాను. అసలు ఖర్చు ఎంతో రాద్దామంటే, ఆ ఏడాదిలో "మళ్లీ కట్టండి" అని నేను పంపేసినవారు ఎందరో నా దగ్గర లెక్క లేదు. ఆ చోటు ఖాళీగానే ఉంచాను. మర్నాడు ఛార్జీల పట్టిక బోర్డుకెక్కింది. నెల తిరక్కుండా మంగళ, శుక్రవారాల్లో కౌంటరు తెరవడానికి, అందులో క్యాషియరుగారే కూర్చోవడానికి యాజమాన్యం ఒప్పుకుంది.

పోయినవి: ఆ తండ్రికి ఛార్జీలూ చిల్లరా కలిపి 1,200 రూపాయలు, సగం రోజు కూలి 400. నాకు నాలుగు గంటల యాభై ఐదు నిమిషాలు.

మిగిలినవి: 46,000 రూపాయలు, ఒక పరీక్ష, క్యాషియరుగారి పాత కుర్చీ.