ఓడితేగానీ కనబడని దీపాలు

మొన్న శాలిబండలో గ్రిల్లులు చేసే వెల్డింగ్ దుకాణం ముందు మా షేర్ ఆటో ఆగింది. ఇనుము కోస్తున్న కీచుమోతకు అందరూ చెవులు మూసుకున్నారు. నేను మాత్రం ముందుకు వంగి విన్నాను. పక్కనున్న పెద్దమనిషి నా వైపు కొంచెం జాలిగా చూశాడు. ఆయన తప్పు లేదు. పాత కంప్యూటర్‌లోకి క్యాసెట్ నుంచి ఆట ఎక్కేటప్పుడు ఇలాంటి మోతే వస్తుంది. అది వింటే నాకు భాస్కర్ సార్ గుర్తొస్తారు.

ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన సార్ అదే వీధిలో, మేడమీద గదిలో, తొలినాటి హోమ్ కంప్యూటర్లతో కాపురం ఉండేవారు. నేను పాత ఆటల మీద ఇంటర్నెట్‌లో వ్యాసాలు రాసేవాణ్ణి. మా అమ్మ దీన్ని ఉద్యోగమని ఎవరికీ చెప్పలేదు. ఒకే ఆట వేర్వేరు మిషన్లలో ఎలా ఉండేదో పోల్చి రాద్దామని సార్ దగ్గరికి వెళ్లాను. ఒక ముసలాయన నిచ్చెనలెక్కుతూ, అరుగుల మీద దూకుతూ, పెద్ద భవనంలో దీపాలన్నీ వెలిగించే ఆట అది.

"వీడియోలు చూసిన సార్. రబ్బరు మీటల మిషన్‌ల ఉన్నది ఉత్త చెత్త," అన్నాను.

"ఆడినవా?"

"లేదు సార్."

"ఆడి ఓడిపోయినవా?"

"ఆడనే లేదు సార్."

"గట్లయితే చెత్త ఎవరిది?"

సార్ పెట్టిన షరతు ప్రకారం, పోల్చేవాడు ప్రతి మిషన్ మీదా, దాని మీటలతోనే, ముసలాయన కిందపడేదాకా ఆడాలి. అంతవరకు అభిప్రాయం నిషేధం. గెలిచినోడు ఆటను చూడడు, తనను తాను చూసుకుంటడు అనేవారు సార్. ఓడటంలో నాకు ప్రత్యేక శిక్షణ అవసరం కాలేదు. రబ్బరు మీటలదాంట్లో ముసలాయన గోడ పక్కగా నడిస్తే గోడరంగు ఒంటికి అంటుకునేది, కానీ దూకమంటే వెంటనే దూకేవాడు. గోధుమరంగు మిషన్‌లో సంగీతం హాయిగా ఉండేది. ముసలాయన మాత్రం దూకే ముందు పింఛను గురించి ఆలోచిస్తున్నట్టు ఆగేవాడు. రెండింటిలోనూ పడిపోతే వెలిగించిన దీపాలన్నీ ఆరిపోయేవి.

మూడోదానితోనే వచ్చింది చిక్కు. అది ఒంట్లోనే టేప్ రికార్డర్ ఉన్న మిషన్. దాంట్లో ముసలాయన పడినా దీపాలు ఆరవని, కాలేజీ రోజుల్లో స్నేహితుడి ఇంట్లో ఆడిన జ్ఞాపకంతో సార్ అనేవారు. ఆ మాట నేను ఇంటర్నెట్‌లో పాత ఆటలవాళ్ల ఫోరంలో రాస్తే, అంకుల్‌కు వయసు మీదపడిందని నవ్వారు. సార్ కూడా నవ్వారు. కానీ ఆ తర్వాత నుంచి గదికి తాళం వేశాక మెట్ల మీద నుంచి వెనక్కొచ్చి లాగి చూసుకోవడం మొదలుపెట్టారు.

ఎక్కడెక్కడో వెతికి ఆ మూడో మిషన్‌కు సరిపోయే ఆట క్యాసెట్ తెప్పించారు. రీలు పెచ్చులూడుతోంది. ఒక్కసారి తిరిగితే గొప్ప. అది వచ్చిన రోజే బోనాల ఊరేగింపు.

"రేపు పెడదాం సార్. ఊరేగింపుల ఎత్తుకొచ్చే కాయితాల తొట్టెలు తీగలకు తాకుతయని కరెంటు బంద్ చేస్తరు."

"రేపటిదాంక నాకు నిద్ర పడ్తదా?"

తలుపు వెనకనున్న సాకెట్ వదులు. టీవీకీ మిషన్‌కూ అదే ఆధారం. సార్ ప్లగ్గును అదిమిపట్టి, తెరకు వీపు పెట్టి నిలబడ్డారు. మోత మొదలైంది. కింద లాల్‌దర్వాజా వైపు నుంచి డప్పులు దగ్గరవుతున్నాయి. ఆట పూర్తిగా ఎక్కిన మరుక్షణం టక్కున రీలు తెగింది. ఇక ఆ ఆట కరెంటు ఉన్నంతసేపే బతికి ఉంటుంది.

"మీరు కూసోండ్రి సార్. ప్లగ్గు నేను పట్టుకుంట."

"చెయ్యి మారిస్తే పోతది. నువ్వే ఆడు. ముందుగాల దీపాలు ముట్టియ్యి."

ఆడాను. డప్పులకు కిటికీ రెక్కలు అదురుతున్నాయి.

"పడ్డడా?"

"పడ్తలేడు సార్. మంచిగ ఆడుతున్న."

"ఏనాడు గెలవనోనివి, ఇయ్యాలనే దొరికిందా నీకు! పడెయ్ వాణ్ణి!"

పై అంతస్తు అంచు నుంచి ముసలాయన్ని దూకించాను. తెర నల్లబడింది. కరెంటు పోయిందనే అనుకున్నాను. మళ్లీ వెలిగింది. కింద నిచ్చెన దగ్గర ముసలాయన, పైన దీపాలు ఎక్కడివక్కడే.

"ఆరలేదు సార్!"

అప్పుడు పోయింది కరెంటు.

సార్ ప్లగ్గు వదల్లేదు. "నిజమేనా? నువ్వు జోకులేసెటోనివి," అన్నారు మెల్లగా. నా హాస్యం ఖరీదు ఆ క్షణం దాకా నాకు తెలియదు. నిజమని ఒట్టేసినా అదీ జోకులాగే వినిపిస్తుంది. అందుకని చూసిందే చెప్పాను.

"పైన కిటికీ పక్క దీపం ఎర్రగుంది సార్. కడమవన్నీ పసుపు."

సార్ చెయ్యి సాకెట్ మీద నుంచి జారింది. "ఎర్రదే. నీకు నేను చెప్పిన్నా?"

"చెప్పలే సార్."

ఊరేగింపు చూద్దామని కిందికి దిగాం. సార్ తాళం వేసి, వెనక్కి తిరగకుండా మెట్లు దిగారు.

ఆధారమేదని ఫోరంలో అడిగితే, ఓడిపోయి చూశానని రాశాను. నేను రాసినవాటన్నిటికన్నా జనం ఎక్కువ నవ్వింది ఆ మాటకే. సార్ ఇప్పుడు లేరు. ఎవరైనా పెద్దవాళ్లు నమ్మలేని పాత సంగతేదైనా చెబితే, నవ్వే ముందు అది ఏ రంగులో ఉండేదని అడుగుతాను. వాళ్లు వెంటనే చెప్పేస్తారు.