క్యాసెట్ తెచ్చినవాడి సీటు

హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చే ఆ పళ్ల డాక్టరుగారంటే నాకు పడదు. ఆయన మంచివాడు కాక కాదు. మంచివాడే, అదే అసలు ఇబ్బంది. చెడ్డవాడైతే నలుగురి దగ్గరా తిట్టి మనసు తేలిక చేసుకునేవాణ్ణి. ఈయన్ని తిడితే మా ఆవిడే నవ్వుతుంది. ఎక్కడో విదేశంలో ఎప్పుడో విడిపోయిన ఒక బ్యాండ్ గురించి, అందులో కీబోర్డు వాయించినవాడు తర్వాత విడిగా చేసిన రికార్డుల గురించి, కారులో ముందు సీటు గురించి, పెళ్లయిన మగాడు ఇంత కుళ్లుకోవడం ఆవిడ ఎక్కడా చూడలేదట.

తొంభైల మొదట్లో నేను బెజవాడలో బీమా ఆఫీసులో గుమాస్తాని. గుద్దుకున్న బండి ఒకటి చూసి రమ్మంటే ఆటోనగర్ వెళ్లాను. పక్క షెడ్డులో కార్లకు స్టీరియోలు బిగించే షాపు. ఓనరు నా ఈడువాడే. వాళ్ల నాన్నగారు అదే షెడ్డులో కార్ల సీట్లకు రెక్సిన్ కుట్టేవారు, ఇతను స్పీకర్లలోకి దిగాడు. చెక్కతో డబ్బా కట్టి, దానికి స్పీకరు బిగించి, చెవి ఆనించి చూస్తున్నాడు. నా జేబులోంచి తొంగి చూస్తున్న క్యాసెట్ చూసి అదేంటండీ అని అడిగాడు.

మద్రాసులో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఎవరి దగ్గరో ఎల్పీ రికార్డు అడిగి తీసుకుని, దాని మీంచి రికార్డ్ చేసి పంపిన క్యాసెట్ అది. దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని చెప్పాను. ఒక్కో పాట ఇరవై నిమిషాల పైనే ఉంటుందనీ, మధ్యలో తాళం మారిపోతుందనీ, గొంతు ఎప్పుడో గానీ వినపడదనీ ముందే హెచ్చరించాను. అతను క్యాసెట్ తీసుకుని, అప్పుడే సెట్టు బిగించిన ఒక కారులో పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తలుపులు వేశాడు. అప్పటిదాకా నేను ఈ సంగీతం వినిపించిన ప్రతివాడూ పాట ఎప్పుడు మొదలవుతుందని అడిగినవాడే. ఇతను మాత్రం చివరిదాకా స్టీరింగు మీద తల ఆనించి విని, "మళ్లీ పెట్టు గురూ" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను అతనికి గురూ, అతను నాకు భాయ్.

ప్రతి ఆదివారం సాయంత్రం ఆటోనగర్‌లో సుత్తుల చప్పుడు ఆగాక నేను వెళ్లేవాణ్ణి. షాపులో బిగింపుకు వచ్చిన కారు ఏదో ఒకటి ఉండేది. దాన్ని టెస్టింగ్ అనేవాడు భాయ్. కారు ఇంజను ఆపి, అద్దాలు పూర్తిగా ఎక్కించాలి. అద్దం దించితే బాస్ దరువంతా బయటికి పోతుందని అతని వాదన. మే నెల బెజవాడలో అద్దాలెక్కించిన కారులో కూర్చోవడమంటే ఏమిటో తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చొక్కాలు పిండుకునేవాళ్లం. క్యాసెట్ నడుస్తున్నంతసేపూ నోరు మెదపకూడదు, మాటలన్నీ తర్వాత టీ కొట్టు దగ్గరే. డ్రైవరు సీటు భాయ్‌ది. పక్క సీటు ఆ రోజు క్యాసెట్ తెచ్చినవాడిది. అప్పుడప్పుడూ ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చేవారు, వెనక కూర్చుని వెళ్లిపోయేవారు. క్యాసెట్ తెచ్చేవాణ్ణి ఎప్పుడూ నేనే. కాబట్టి ఆ సీటు నాదని నేను అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఒకసారి ఆ క్యాసెట్‌ను కారులోనే మరిచిపోయాం. చల్లపల్లి రైసుమిల్లాయన కారు అది. ఆయన ఊరికి చేరాక షాపుకి ఫోన్ చేసి, కొత్త సెట్టులో వాయిద్యాలు బాగానే వస్తున్నాయి గానీ పాడేవాడి గొంతు రావట్లేదని, వచ్చి బాగు చెయ్యమని గోల పెట్టారు. మర్నాడు ఆఫీసు ఎగ్గొట్టి నేను బస్సెక్కి చల్లపల్లి వెళ్లాను. ఆయన నన్ను మెకానిక్కనుకుని మజ్జిగ ఇప్పించారు. క్యాసెట్ జేబులో పడ్డాక, పాత సినిమా పాటలది ఒకటి పెట్టి చూపిస్తే గొంతు వచ్చిందని ఎంతో సంతోషించారు. భాయ్ నెలరోజులు ఆ కథే అందరికీ చెప్పి నవ్వాడు. ఆ నెలరోజులూ నాకు చాలా బాగుంది.

ఇప్పుడు ఆ క్యాసెట్‌లో పెద్ద పాట సంగతి చెప్పాలి. మొదటి వైపు ఒక చిన్న పాట, దాని వెనకే ఈ పెద్దది. పాట చివరికొచ్చేసరికి గిటారు, కీబోర్డు, డ్రమ్స్ ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి పైకి వెళతాయి. ఇంక ఒక్క మెట్టు ఉందనగా టక్కున ఆగిపోతుంది. ఏమీ ఉండదు. కొన్ని క్షణాల నిశ్శబ్దం తర్వాత సెట్టులో టక్ మని క్యాసెట్ దానంతటది తిరిగి రెండోవైపు మొదలయ్యేది. ఆ నిశ్శబ్దం గురించి మేమెన్ని ఆదివారాలు మాట్లాడుకున్నామో లెక్కలేదు. అంత పైకి తీసుకెళ్లి వదిలేయడానికి ఎంత ధైర్యం ఉండాలని భాయ్ అనేవాడు. ఆ చివరి మెట్టు మనల్నే ఎక్కమన్నారని అనేవాడు. నా సిద్ధాంతం ఇంకొకటి. ఆ బ్యాండ్ వాళ్లు తర్వాత విడిపోయి ఎవరి రికార్డులు వాళ్లు చేసుకున్నారని ఒక పాత పత్రికలో చదివాను. వాళ్లు విడిపోయింది సరిగ్గా అక్కడే, ఆ పాటలో ఆ చోటే అని నేను తేల్చాను. పాట మధ్యలో వాయిద్యాలు వదిలేసి లేచిపోయారు, అలాగే అచ్చేశారు అని. టీ కొట్టు దగ్గర ఈ మాట చెబుతుంటే భాయ్ గ్లాసు పట్టుకుని కళ్లార్పకుండా వినేవాడు.

అందుకే ఆ విడి రికార్డులంటే నాకు వినకుండానే మంట. నలుగురు కలిసి చేసిందాన్ని వదిలేసి ఎవడి గది వాడు కట్టుకున్నట్టు అనిపించేది. వాటి జోలికి పోవద్దని భాయ్‌కి చెప్పాను. అతను సరే అన్నాడు. అప్పట్లో అవి మాకెలాగూ దొరికేవి కావు.

దొరికేలా చేసింది డాక్టరుగారు. తొంభైలు అయిపోవస్తుండగా ఆయన కొత్త కారుకు సీడీ ప్లేయరు బిగించమని వచ్చారు. భాయ్ అలవాటుగా నా క్యాసెట్‌లోని రాగమేదో ఈల వేస్తుంటే ఆయన గుర్తుపట్టారు. ఆ ఆదివారం నేను వెళ్లేసరికి ముందు సీట్లో ఆయన కూర్చుని ఉన్నారు. ఒళ్లో సీడీల డబ్బా. కీబోర్డు వాయించేవాడు విడిగా చేసినవి, గిటారు వాయించేవాడివి, ఆఖరికి డ్రమ్స్ వాయించేవాడు చేసినవి కూడా. ఆ రోజు పాటలు తెచ్చింది ఆయన. పైగా కారే ఆయనది. నేను వెనక తలుపు తీసుకుని కూర్చున్నాను.

కీబోర్డు వాడి సోలో నిజంగా బాగుంది. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు, ఇప్పుడూ డాక్టరుగారికి చెప్పను. టీ కొట్టు దగ్గర అది ఒంటరి సంగీతమనీ, ఎదురు చెప్పేవాడు లేకపోతే ఎవడైనా అలాగే వాయిస్తాడనీ పెదవి విరిచాను. డాక్టరుగారు మర్యాదగా వాదించారు. బ్యాండ్‌లో ఉన్నప్పుడు ఆ కీబోర్డు మీద గిటారు ఎంత అరిచేదో చూడండి, పాపం అతను ఇన్నాళ్లూ మాట్లాడనే లేదు, ఇప్పుడు మాట్లాడుతున్నాడు అన్నారు. భాయ్ ఆయన వైపు తిరిగి, గ్లాసు పట్టుకుని, కళ్లార్పకుండా విన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చూపు నాది. ఆ టీ కొట్టు నాది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తర్వాత కొన్ని వారాలకు ఆయన బ్యాండ్ సీడీ కూడా తెచ్చారు. అందులో మా పెద్ద పాట ఉంది. వెనక సీట్లో నేను ముందుకు వంగి కూర్చున్నాను. చివరికొచ్చింది. పైకి, ఇంకా పైకి. ఇంక ఆగాలి. ఆగలేదు. ఆ ఆఖరి మెట్టు కూడా ఎక్కేసి, అవతలికి దిగి, కీబోర్డు ఒక్కటే నెమ్మదిగా, తీరుబడిగా వాయించుకుంటూ పోయింది. కాసేపటికి మిగతావాళ్లూ వచ్చి కలిశారు. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. ఎవరూ లేచిపోలేదు. నలుగురూ హాయిగా కలిసే ముగించారు.

నేను నా సిద్ధాంతమంతా చెబితే డాక్టరుగారు ఓపిగ్గా విని, ఎంతో మృదువుగా అన్నారు: "రికార్డ్ చేస్తుంటే క్యాసెట్ అయిపోయి ఉంటుందండీ."

ఆయన నవ్వలేదు. భాయ్ నవ్వాడు. స్టీరింగు మీద కొట్టుకుంటూ నవ్వాడు. చల్లపల్లి కథకు నవ్వినట్టే నవ్వాడు గానీ, అప్పుడు ఇద్దరం కలిసి నవ్వాం. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత కూడా కొన్నేళ్లు వెళ్లాను. వెనక సీట్లోంచి వాళ్లిద్దరి తలలు చూస్తూ విన్నాను. ఏదో ఒక రోజు భాయ్ ఆయన్ని కూడా గురూ అంటాడని చెవులు రిక్కించుకుని ఉండేవాణ్ణి, అన్న రోజున లేచిపోదామని. అనలేదు. కానీ ఆ మాట కోసం కాచుకుని ఉంటే పాట ఏం వింటాం? ఆఫీసులో ప్రమోషన్ పరీక్ష అని ఒక సాకు, పిల్ల చదువని ఇంకో సాకు, చివరికి సాకులు కూడా చెప్పకుండా మానేశాను. కోపమొచ్చి మానేశానని భాయ్‌కి తెలియాలని ఉండేది. అడిగితే లేదని చెప్పాలనీ ఉండేది. అతను రెండుసార్లు ఫోన్ చేసి, బిజీయా గురూ అని అడిగి ఊరుకున్నాడు. ముందు సీటు కోసం ఇంత ఏడుపా అని మా ఆవిడ అన్నది ఆ రోజుల్లోనే.

మామూలు సీడీలు పోయి, ఒక్క ఎంపీత్రీ డిస్కులో బ్యాండ్ చేసినవీ, నలుగురూ విడిగా చేసినవీ అన్నీ పట్టే రోజులొచ్చాయి. అప్పుడొక రోజు డాక్టరుగారు సత్యనారాయణపురంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. జామకాయలు తెచ్చారు. కాఫీ తాగి, కప్పు పక్కన పెట్టారు.

"మీ దగ్గర ఆ పాత క్యాసెట్ ఉంటే ఒకసారి ఇస్తారాండీ, కాపీ చేసుకుని ఇచ్చేస్తా" అన్నారు.

పూర్తి పాట మీ దగ్గరే ఉంది కదండీ, సగం పాట దేనికన్నాను.

"మీ భాయ్ విననివ్వడండీ" అన్నారాయన. "ఆ చోటుకి రాగానే చెయ్యి పెట్టి ఆపేస్తాడు. మీరు వచ్చే రోజుల్లో ఆ పాట మళ్లీ పెట్టనేలేదు కదా, ఇన్నేళ్లలో మీరున్న ఆ ఒక్కరోజే చివరిదాకా విన్నాం. ఏంటండీ అంటే, మావాడు తెచ్చింది ఇంతేనండీ అంటాడు. అదేదో నేనూ వింటే తెలుస్తుందేమోనని. ముందు సీట్లో కూర్చున్నా నాకు మీ ఇద్దరి వెనక కూర్చున్నట్టే ఉంటుందండీ."

ఆయన కళ్లలో ఉన్నదేమిటో నాకు ఒకరు చెప్పాలా? ఇన్నేళ్లుగా అద్దంలో చూసుకుంటున్నదే. జాలిపడాల్సింది. పడలేదు. లోపలెక్కడో పంచదార పోసినట్టయింది. క్యాసెట్ ఎప్పుడో పోయిందండీ అని చెప్పాను. అది ఆయన వీపు వెనక, టీవీ స్టాండు కింది అరలో ఉంది. వెళుతూ ఆయన మా ఆవిడ పంటినొప్పికి మందు రాసిచ్చి, డబ్బు వద్దన్నారు. చెప్పానుగా, మంచివాడు.

ఆ ఆదివారం క్యాసెట్ జేబులో వేసుకుని ఆటోనగర్ వెళ్లాను. భాయ్ సొంత కారు షెడ్డులో ఉంది. అందరి కార్లకూ కొత్తవి బిగించేవాడు, తన కారులో మాత్రం పాత క్యాసెట్ సెట్టే ఉంచుకున్నాడు. నన్ను చూసి ఇన్నాళ్లు ఎక్కడికి పోయావని అడగలేదు. జేబు వైపు చూసి, ముందు తలుపు తీశాడు. పాట సగంలో ఉండగా డాక్టరుగారు వచ్చారు. అద్దంలోంచి చూసి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నారు. పోయిందన్న క్యాసెట్ సెట్టులో తిరుగుతోందని ఆయనకు తెలిసే ఉంటుంది. నేను వెనక్కి తిరగలేదు.

పైకి, పైకి, ఇంకా పైకి వెళ్లి టక్కున ఆగింది. అద్దాలెక్కించిన కారులో ఆ నిశ్శబ్దం ఎప్పటిలాగే ఉంది. అప్పుడు వెనక నుంచి డాక్టరుగారు, తనకు తెలియకుండానే కావచ్చు, ఆ తర్వాతి భాగం, ఆ నెమ్మదైన కీబోర్డు, మెల్లగా గొంతులో కూనిరాగం తీయబోయారు.

భాయ్ తల తిప్పకుండానే, ఎంతో మర్యాదగా అన్నాడు: "అయిపోయిందండీ డాక్టరుగారూ."