సెన్ నది గట్టున మా ఆయన పేరు

1992లో మా బళ్లారి బజారు వ్యాపారులు కొందరు కుటుంబాలతో యూరప్ యాత్రకు బయలుదేరితే, బట్టల దుకాణం నడిపే మా ఆయనా నేనూ కూడా వెళ్లాం. పారిస్‌లో సెన్ నది గట్టున రాతిబాట మీద అందరం నడుస్తున్నాం. గోడ మీద వరసగా పాత పుస్తకాలు అమ్మే పెట్టెలున్నాయి. ఒకదానిలో పూల బొమ్మలు చూస్తూ కాసేపు ఆగాను. తలెత్తేసరికి మావాళ్లు ఒక్కరూ లేరు.

పాస్‌పోర్టు ఆయన సంచిలో ఉంది. హోటల్ పేరు పలకడానికి నాకు నోరు తిరగదు. తెలుగు, కన్నడం తప్ప మరో భాష రాదు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని జనంలో పరుగెత్తాను. చివరికి వంతెన దగ్గర ఆయన నీలం స్వెట్టరు కనిపించింది.

"ఇదో! ఇదో, నిలబడండి!" అని ఎంత అరిచినా ఆయన తిరగలేదు. ఒళ్లు మండిపోయి, ఇరవై ఏళ్ల కాపురంలో ఎన్నడూ పలకని పేరు గొంతు చించుకుని పలికాను.

"శ్రీనివాసులూ!"

మావాళ్లందరూ తిరిగి చూసి పకపకా నవ్వారు. ఆయన ముఖం ఎర్రగా చేసుకుని వచ్చారు.

"అందరి ముందర పేరు పెట్టి అరుస్తావేందే? నా మర్యాద ఏం కావల్ల?"

"గొంతు పోయేట్ల పిలిస్తి. ఒక్కసారన్నా ఎనక్కి తిరిగి సూసినారా మీరు?"

ఆయన గిరుక్కున తిరిగారు. హోటల్ చేరేదాకా నాకు పదడుగుల ముందే నడిచారు.

ఆ అరుపు తలుచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. కానీ "భయపడితివా?" అని ఆయన ఈ రోజుకీ అడగలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.