ఫోన్ లేనివాళ్ల గడి

ఆ ఉదయం జనగామలో మా ఆఫీసు గదిలో టిఫిన్ పొట్లం విప్పుతుంటే ఫోన్ మోగింది. తెర మీద 'సిస్టరమ్మ' అని పడింది. ఫారంలో మళ్లీ ఏదో తప్పు పట్టుకుని ఉంటుంది, ఇవాళ నా పని అయినట్టే అనుకుంటూ ఎత్తాను. మాట్లాడింది ఆమె కాదు, కూతురు. "అన్నా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ పెట్టుకుంట అట్లనే కూలవడ్డది. దవాఖానకు తీస్కపోయేదాక కూడ ఆగలే" అంది. నేనేమన్నానో గుర్తు లేదు. పొట్లం మళ్లీ మడిచి, సిస్టరమ్మ ఊరు మానుకోటకు బస్సో రైలో ఏది ముందు దొరికితే అది ఎక్కుదామని బయల్దేరాను.

ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. ఏళ్ల తరబడి పల్లెల్లో నర్సుగా చేసి రిటైరైంది. ఇంట్లో కూర్చోవడం చేతకాక, బీపీ, షుగరు మందులు ఊరూరా తిరిగి ఇచ్చే మా చిన్న సంస్థ వ్యాను ఎక్కింది. జనగామ, మానుకోట, భూపాలపల్లి, మూడు వైపులా ఆ బండి తిరుగుతుంది. రోగి పేరు, ఊరు, వయసు, బీపీ ఎంత, ఏ మందు ఇచ్చారు, అన్నీ ట్యాబ్‌లో ఎక్కించాలి. ఆ ఫారం తయారు చేసింది నేను. దాన్ని నింపేది సిస్టరమ్మ. అంటే నా తెలివితక్కువ పనులన్నీ ముందుగా ఆమె చేతికే చిక్కేవి.

మొదటిసారి ఆమెను చూసింది దంతాలపల్లిలో. అప్పట్లో ఆ ఫారం అంటే నాకు మహా గర్వం. ఒక్క గడి ఖాళీగా వదిలినా ముందుకు పోనివ్వదు. తప్పు కొడితే 'చెల్లని నమోదు' అని ఎర్రటి అక్షరాలు వస్తాయి. అది పనిచేస్తుంటే కళ్లారా చూసుకుందామని పోయాను. ఒక వరండాలో బల్ల వేసుకుని కూర్చుంది, ఎదురుగా ఒక ముసలాయన. వయసు దగ్గర వేలు జారి ఒక అంకె ఎక్కువ పడింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. వాటితో పాటు అప్పటిదాకా నింపిందంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆమె మళ్లీ "పేరేంది తాతా?" అంది. "ఇప్పుడే చెప్తి గదా సిస్టరమ్మా" అని ఆయన విసుక్కుని చాయ్ తాగడానికి లేచిపోయాడు.

ఆమె నా వైపు తిరిగింది. "గిది నువ్వు చేసిందేనా బిడ్డా?"

అవునన్నాను. మెచ్చుకుంటుందేమోనన్న ఆశ ఇంకా ఉంది.

"ఇది నన్ను తిడుతున్నది గని తప్పేందో చెప్తలేదు. తప్పు చెప్పుడు వేరు, తిట్టుడు వేరు. సూది ఇచ్చేటప్పుడు పోరగాడు కదిలిండనుకో, ముందుగాల ఇచ్చిన సూదులన్నీ మళ్ల ఇస్తనా?"

నిజం చెప్పాలంటే నాకు చాలా కోపం వచ్చింది. బస్సు తొర్రూరు దాటేదాకా మనసులో ఆమెతో వాదిస్తూనే ఉన్నాను. వాదనలో నేనే గెలిచాను కూడా. అయినా మర్నాడు కూర్చుని ఎర్ర అక్షరాలు తీసేశాను. 'వయసు 640 అని పడింది, ఒకసారి చూడండి' అని ఆ గడి కిందనే కనబడేలా రాశాను. మిగతా గడుల్లో నింపింది ఉన్నది ఉన్నట్టే నిలిచేలా మార్చాను. తర్వాతి క్యాంపు నుంచి ఫోన్ చేసి, "ఇప్పుడు మనిషి లెక్క మాట్లాడుతున్నది" అంది. ఆ మాట కోసమే పనిచేసినట్టు అనిపించింది నాకు.

ఊళ్ల జాబితా సంగతి ఇంకొకటి. ఊరి పేరు టైపు చేయకుండా జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టాను. పేర్లన్నీ అక్షర క్రమంలో చక్కగా ఉన్నాయి. ఆమె చూసి, "బండి అక్షరాల మీద పోతదా, రోడ్డు మీద పోతదా?" అంది. బండి ఏ ఊరి తర్వాత ఏ ఊరికి పోతుందో ఆ వరుసలోనే పెట్టించింది. ఇంకో పొరపాటు నెల తిరిగాక బయటపడింది. జాబితాలో మొదటి ఊరు ముందే నింపి ఉండేలా నేను వదిలేశాను. నెలాఖరు రిపోర్టులో ఆ ఒక్క ఊళ్లోనే జనమంతా షుగరుతో ఉన్నట్టు తేలింది. మేనేజర్ సార్ కంగారుపడి అక్కడ ప్రత్యేకంగా క్యాంపు పెడదామన్నారు. సిస్టరమ్మ నవ్వింది. "ఆ ఊరోళ్లకు ఏ రోగం లేదు సార్. ఆ ఊరు లిస్టుల ముందటున్నది, గంతే. ఎండల కూసుంటే కండ్లు కనవడయి, ముట్టుకోకుంటే ముందటిదే పడతది." ఆ రోజు నుంచి ఏ జాబితా అయినా ఖాళీగానే మొదలుపెట్టడం నేర్చుకున్నాను.

'తెలవదు' అనే మాట జాబితాల్లోకి వచ్చింది కూడా ఆమె పోరు పడలేకనే. పుట్టిన సంవత్సరం, మందు ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారు, ఇలాంటి వాటికి జవాబు తెలియని వాళ్లే ఎక్కువ. "తెలవదు అనేది కూడ జవాబే బిడ్డా. అది లేకపోతే నాతోని అబద్ధం రాయిస్తున్నవు. ఈ వయసుల నాకెందుకా పాపం?" అనేది. ఆదివారం చర్చి తప్పని మనిషి, పాపం అన్న మాట ఊరికే వాడేది కాదు.

ట్యాబ్ ముట్టుకునే ముందు ప్రతిసారీ చూపుడు వేలిని చీర కొంగుకు తుడుచుకునేది. చెమట వేలికి తెర సరిగ్గా పలకదని అలవాటు చేసుకుంది. నింపడం అయ్యాక తెరను రోగి వైపు తిప్పి, "నీ పేరు చూడు, గిదేనా?" అని అడిగేది. సగం మందికి చదువు రాదు. ఎందుకు చూపిస్తావని ఒకసారి అడిగాను. "వాళ్ల పేరు గద, వాళ్లకు చూపియ్యాలె" అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ఒక్క విషయంలో మాత్రం నేను ఆమె మాట వినలేదు. ఫోన్ నంబరు గడిలో పది అంకెలు ఉండి తీరాలని పెట్టాను. బండి తేదీ నెలనెలా మారుతుంది, డాక్టరు దొరికిన రోజే క్యాంపు. తేదీ తెలియకపోతే మనిషి రాడు, రాకపోతే నెల మందులు తప్పుతాయి. అందుకని రెండు రోజుల ముందు ఉదయం పది గంటలకు అందరికీ దానంతటదే ఫోన్ పోయే ఏర్పాటు చేశాను. అందులో గొంతు కూడా సిస్టరమ్మదే, నేనే రికార్డు చేశాను. ఫోన్ లేనివాళ్ల సంగతేందని ఆమె ఒకసారి అడిగింది. "నంబరు లేకుంటే కబురెట్ల పోతది సిస్టరమ్మా? ఎవరిదో ఒకరిది తెమ్మను" అన్నాను. "సరే, నేను చూసుకుంట" అంది. కొన్నాళ్లకు ఒకే నంబరు రెండుసార్లు పడితే వచ్చే హెచ్చరిక తీసెయ్యమంది. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ ఉంటుంది కదా, నిజమేననుకుని తీసేశాను. ఎందుకని అడగలేదు.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు నేనింకా మానుకోటలోనే ఉన్నాను. వాళ్లింట్లో కూర్చుని కూతురు ఇచ్చిన చాయ్ తాగుతున్నాను. పది గంటలకు ఫ్రిజ్ మీదున్న సిస్టరమ్మ ఫోన్ మోగింది. కూతురు ఎత్తి చెవికి పెట్టుకుంది. ఆమె మొహం చూసి నేను లేచి నిలబడ్డాను. ఫోన్ నా చేతికిచ్చింది.

"ఎల్లుండి టేకుమట్లకు బండి వస్తది. మందుల డబ్బా తెచ్చుకో. తిని రా, ఉట్టి కడుపుతోని రాకు."

సిస్టరమ్మ గొంతు. సిస్టరమ్మ ఫోన్‌కే వచ్చింది. పెట్టేయగానే మళ్లీ మోగింది, మళ్లీ అదే మాట. అలా పంతొమ్మిది సార్లు మోగింది. కూతురు గోడకు ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, ఇంకేం చేయాలో తోచలేదు.

అప్పటికి నాకు అర్థమైంది. టేకుమట్ల క్యాంపులో ఫోన్ లేని పంతొమ్మిది మందికి ఆమె తన నంబరే ఎక్కించింది. అట్ట వేసిన ఆమె నోటుపుస్తకం అలమరలో ఉంటే తీసి చూశాం. ఎల్లవ్వ పేరుకు ఎదురుగా 'కిరాణా దుకాణం' అని రాసి ఉంది. రాజయ్య పేరుకు ఎదురుగా 'పాలకేంద్రం'. ఇలా పంతొమ్మిది పేర్లు, ఎవరితో చెప్పించాలో వాళ్ల నంబర్లు. నా ఫారం చేయాల్సిన పని ఇన్నాళ్లూ పెన్సిలుతో, తన ఫోన్‌తో ఆమె చేసింది. నా గడి ఆమెతో అబద్ధమే రాయించింది, అదీ నెలనెలా. సిగ్గుతో తల దించుకున్నాను. కానీ క్యాంపు ఎల్లుండే. ఈ కబురు వాళ్లకు అందకపోతే పంతొమ్మిది మందికి మందులుండవు. ఏడవడానికి తర్వాత టైముంటుంది అనుకుని బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీశాను.

మేనేజర్ సార్‌కు ఫోన్ చేసి నంబరు తప్పనిసరి అన్నది తీసేస్తున్నానని చెప్పాను. "అట్లయితే రిపోర్టు తేడా వస్తదయ్యా" అన్నారు.

"ఇప్పుడున్న రిపోర్టే తేడా సార్. పంతొమ్మిది మంది పేర్ల ఎదురుగా చనిపోయినామె నంబరుంది. మీరు వద్దన్నా నేను తీసేస్తా."

"సరే, చెయ్యి" అన్నారు.

'సొంత ఫోన్ ఉందా' అని కొత్త గడి పెట్టాను. లేదంటే కింద ఇంకో జాబితా తెరుచుకుంటుంది: ఎవరితో చెప్పించాలి? కిరాణా దుకాణం, పాలకేంద్రం, ఆశ వర్కర్ అక్క, పక్కింటివాళ్లు, చివరికి 'ఇంకెవరైనా'. ఆ జాబితాలో నా సొంత మాట ఒక్కటీ లేదు, అన్నీ నోటుపుస్తకంలోవే. ఈలోగా కూతురు కళ్లు తుడుచుకుని వచ్చి, ఆ నంబర్లకు తనే ఫోన్ చేస్తానంది. తల్లి ఫోన్ నుంచే చేసింది. అవతలివాళ్లు ఎత్తగానే ఒకటే మాట: "చెప్పు సిస్టరమ్మా." మొదటి రెండు సార్లు ఫోన్ నా చేతికిచ్చేసింది, నేనే చెప్పాను. మూడోసారి నుంచి, "నేను బిడ్డను మాట్లాడుతున్న. అమ్మ పోయింది. ఎల్లుండి బండి వస్తది, జర ఎల్లవ్వకు చెప్పుండ్రి. ఇగ నుంచి ఫోన్ మీకే వస్తది" అని వరుసగా చెప్పుకుంటూ పోయింది. ఒక్కరూ కాదనలేదు.

రికార్డు చేసిన గొంతు మార్చాలా అని అడిగాను. "ఉండనియ్ అన్నా. వాళ్లు ఆమె మాట వింటరు" అంది. కొత్త నంబర్లకు ఆ కబురు ఆ మధ్యాహ్నమే మళ్లీ పంపాను.

టేకుమట్ల క్యాంపు నాటికి ఇంకా కొత్త సిస్టర్ దొరకలేదు. ట్యాబ్ పట్టుకుని నేనే కూర్చున్నాను. నా ఫారం నేను నింపడం అదే మొదటిసారి. ఎండకు తెర సగం కనబడదు, వేలు ఒకచోట పెడితే ఇంకోచోట పడుతుంది. మధ్యాహ్నానికి నా మీద నాకే విసుగొచ్చింది. అయినా నోటుపుస్తకం పక్కనే పెట్టుకుని ఒక్కో పేరూ టిక్కు పెట్టుకుంటూ పోయాను. రెండు దాటేసరికి ఆ పంతొమ్మిదిలో పద్దెనిమిది మంది వచ్చారు. డ్రైవరు బల్లలు సర్దుదామా అన్నాడు. ఇంకొకరు రావాలి, ఉందామన్నాను.

మూడవుతుండగా ఎల్లవ్వ వచ్చింది, చేతిలో ఖాళీ మందుల డబ్బా. కూర్చుని ఊపిరి తీసుకుని అటూ ఇటూ చూసింది. "దుకాణపాయన సిస్టరమ్మ పోయిందని చెప్పిండు. మళ్ల ఆయన ఫోన్లనే ఆమె రమ్మనే. తిని రమ్మన్నది, తిని వచ్చిన" అంది.

డాక్టరు బీపీ చూసి, మందులు ఇచ్చాక, వివరాలు ఎక్కించాను. సొంత ఫోన్ లేదు. ఎవరితో చెప్పించాలి, కిరాణా దుకాణం. తెర ఆమె వైపు తిప్పాను.

"నీ పేరు చూడు అవ్వా, గిదేనా?"

ఎల్లవ్వకు చదువు రాదు. కాసేపు తదేకంగా చూసింది. తర్వాత చూపుడు వేలిని చీర కొంగుకు రెండుసార్లు తుడుచుకుని, నెమ్మదిగా తన పేరు మీద ఆనించింది.