వల ముడి

కోదాడ బస్టాండు వెనక గల్లీలో జాకెట్లు కుట్టే జంగమ్మ, మాఘం వచ్చిందంటే శనివారం మధ్యాహ్నానికే మిషను మీద గుడ్డ కప్పేస్తుంది. మెడలో టేపు తీయడం కూడా మరిచి, బస్సులు మారుకుంటూ సూర్యలంక సముద్రం ఒడ్డుకు పోతుంది. రెండేళ్ల కింద అక్కడ చచ్చిపడిన తాబేళ్లను చూసొచ్చినప్పటి నుంచి, వలంటీర్లతో కలిసి తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టిన చోట్ల కంచె కడుతోంది. "మనకు సముద్రమే లేదు, నీకెందుకే?" అని పక్క షాపు రజిత అడిగితే, నోట్లో పిన్నులతోనే నవ్వుతుంది.

మొన్న ఆదివారం ఒక జాలరి వలలో బతికున్న తాబేలు చిక్కింది. వల కోస్తామంటే అతను అడ్డం నిలబడ్డాడు. "కొత్త వలండీ. కోసేస్తే రేపు వేటకెట్టా వెళ్లేది?"

జంగమ్మ ఇసుకలో చతికిలబడింది. "జర ఆగు బిడ్డా. నేను కోసిన కాడికి నేనే అల్లిస్త."

తాబేలు మెడకు బిగిసిన పోగులనే వెతికి వెతికి కత్తిరించింది. అది నీళ్లలోకి వెళ్లిపోయాక, మాట ప్రకారం వల ముందేసుకుని కూర్చుంది. జాకెట్లు కుట్టే చేతికి వల ముడి పడలేదు. వేసిన ముడల్లా జారిపోతుంటే జాలరి కాసేపు చూసి, పక్కన కూర్చున్నాడు. "ఇట్టా తిప్పాలమ్మా" అని చూపించాడు. వల పూర్తయ్యేసరికి సాయంత్రమైంది.

ఈ బుధవారం ఎవరికో కొలతలు తీస్తుండగా ఆ జాలరి నుంచి ఫోనొచ్చింది.

"ఇంకోటి చిక్కిందమ్మా. నేనే కోసి వదిలేశా."

"మరి వల?"

"సగం అల్లుకున్నా. మిగతా సగం మీకు ఉంచా. ఆదివారం వస్తారుగా?"