బొటనవేలి జవాబు

2019వ సంవత్సరం మార్చి పద్నాలుగో తేదీ, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. ఆకాశమంతా మబ్బు పట్టి, ఆకు కదలక ఉక్కపోస్తున్న వేళ, పాత ఇనుము వ్యాపారి చెమట తుడుచుకుంటూ బైండింగు దుకాణం గుమ్మంలో నిలబడ్డాడు. కత్తిరింపు యంత్రమూ, అట్టల బల్లా అప్పటికే లారీ ఎక్కాయి. గదిలో మిగిలింది పుస్తకాలను అదిమే ఇనుప ప్రెస్సు ఒక్కటే. దాని పక్కనే, కాపలా కాస్తున్నట్లు, అట్టల మాస్టారు.

ఆ పేరు వీధివారు పెట్టినది. నలభై ఒక్క సంవత్సరాలుగా ఆయన చేత కుట్టించుకోని పుస్తకం ఆ చుట్టుపక్కల లేదు. పెళ్లి ఊసెత్తినవారితో "నాకు తీరికెక్కడిదండీ" అని నవ్వేసేవాడు. చదువరులు ఫోన్లలోకి వలసపోయాక తీరిక వచ్చింది గాని, ఊసెత్తేవారు మిగలలేదు. తనవారంటూ ఉన్నది అక్క కూతురు ఒక్కతే. చిన్నప్పుడు బడి వదలగానే పరుగున వచ్చి, ఆ ప్రెస్సు చక్రానికి వేలాడి తిప్పేది. ఇప్పుడు ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగస్థురాలు. ఆయనకు ఫోను కొనిచ్చిందీ ఆమే. ప్రెస్సు ఆమె ఇంట ఉంటే, తన బతుకు ఒక మూల నిలిచి ఉన్నట్లేనని ఆయన ఆశ.

అడుగుదామని బుధవారం ఫోను చేస్తే, "మీటింగులో ఉన్నా మావయ్యా, మెసేజ్ పెట్టు, చూస్తా" అంది.

ముప్పావుగంట సేపు ఒంటివేలితో రాశాడు: "చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు. దుకాణం మూసివేస్తున్నాను. ప్రెస్సు నీకు కావలెనంటే రేపు నాలుగింటికి వచ్చి తీసుకువెళ్లు. రాలేకపోతే నిష్ఠూరం లేదు." ఒత్తులూ దీర్ఘాలూ రెండుసార్లు సరిచూసుకుని పంపాడు. అర నిమిషంలో జవాబు వచ్చింది. అందులో అక్షరం ముక్క లేదు. పసుపుపచ్చని పిడికిలి, పైకి లేచిన బొటనవేలు.

"ఇదొక్కటీ ఉండిపోయింది. ఎత్తమంటారా?" అన్నాడు వ్యాపారి.

మాస్టారు ఫోను చూపించాడు. వ్యాపారి కళ్లజోడు సవరించుకున్నాడు. ఆయనకూ అరవై దాటాయి.

"ఇందులో తెలియనిదేముంది మాస్టారూ! మొండిచెయ్యి చూపించింది."

"నేనూ అలాగే అనుకున్నాను."

"మావాడూ ఇలాంటి బొమ్మలే పంపుతాడు. నేనసలు తెరిచి చూడను, ఒంటికి మంచిది."

మాస్టారు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. పక్కనే జిరాక్సు దుకాణం ఉంది. అడిగితే అర్థం చెప్పేవారే. కాని సొంత మేనకోడలు కాదన్న సంగతి పరాయివాళ్ల చేత చదివించుకోవడానికి మనసొప్పలేదు. చక్రం మీద ఒకసారి చెయ్యి వేసి, తీసి, "పట్టుకెళ్లండి" అన్నాడు.

నాలుగుకు ఐదు నిమిషాలుండగా వీధిలో ట్రాలీ ఆటో ఆగింది. మేనకోడలు చెప్పులైనా విప్పకుండా లోపలికి వచ్చింది.

"సగం రోజు సెలవు పెట్టి వచ్చా మావయ్యా! మోయడానికి ఇద్దరిని తెచ్చా. ఏదీ?"

"ఇచ్చేశాను."

"అదేంటి! వస్తానన్నా కదా!"

"ఎప్పుడన్నావు? మొండిచెయ్యి చూపించావుగా."

ఆమె ఫోను తీసి చూసింది. ముందు పకాలున నవ్వింది. ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"అది మొండిచెయ్యి కాదు మావయ్యా. సరే అని."

"సరేకి రెండక్షరాలే కదమ్మా" అన్నాడాయన. గొంతులో కోపం లేదు.

నేల మీద ప్రెస్సు నిలిచిన చోట నాలుగు కాళ్ల గుర్తులు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఇద్దరూ అదే ఆటోలో ఇనుము కొట్టుకు వెళ్లారు. లారీ సరాసరి కొలిమికి పోయిందని అక్కడి గుమాస్తా చెప్పాడు.

ఆ గది మే నెలలో మందుల దుకాణమైంది. అట్టల మాస్టారు తన అద్దెగదిలోనే ఉండిపోయాడు. మేనకోడలు నెలకొక ఆదివారం వచ్చి కూర్చునేది. ఎక్కువగా ఆమే మాట్లాడేది, ఆయన వినేవాడు. 2022 నవంబరు తొమ్మిదిన, ఒక బుధవారం ఉదయం, ఆయన కన్నుమూశాడు. ఆమె ఇప్పటికీ అదే కంపెనీలో పనిచేస్తున్నది.